తీసినవి కొన్ని, ఉంచినవి కొన్ని

నా ఒంట్లో ఎక్కడెక్కడ ఎముక బుడిపెలు ఉన్నాయో నాకంటే ముందు మా నాన్నకే తెలుసు. మోకాలి కింద లోపలివైపు, భుజానికి కాస్త దిగువన, మణికట్టు దగ్గర, చీలమండ పైన, వీపున రెక్క ఎముక అంచున. ఆయన ఒంట్లోనూ ఇంచుమించు అవే చోట్ల ఉండేవి. అందుకే ఎక్కడ వెతకాలో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. నాకు నడక వచ్చిన కొన్నాళ్లకు పక్కటెముక మీద చిన్న గట్టి గడ్డ ఆయన వేళ్లకు తగిలిందని, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదని అమ్మ చాలాసార్లు చెప్పింది.

ఆయన కాలం వేరు. చిన్నప్పుడు ఆయన్ను చూసిన డాక్టర్ "ప్రాణానికి ప్రమాదం లేదు, వదిలేయండి" అన్నారట. నిజమే, ప్రాణం మీదికి రాలేదు. కానీ కుడి ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి పొట్టిగా ఉండిపోయి, దానితో పాటు సాగలేక రెండోది వంగిపోయింది. అరచెయ్యి పూర్తిగా పైకి తిరిగేది కాదు. నాన్న దోసిలి పట్టడం నేనెప్పుడూ చూడలేదు. ముఖం కడుక్కోవాలన్నా ఎడమచేత్తోనే నీళ్లు తీసుకునేవాడు. ఒక కాలు రెండోదానికంటే కాస్త పొట్టి కావడంతో ఒక పక్కకు ఒరిగి నిలబడేవాడు. నాన్నలందరూ అలాగే నిలబడతారని చాలాకాలం అనుకున్నాను.

వీటి పేరు ఆస్టియోకాండ్రోమా. క్యాన్సర్ కాని ఎముక గడ్డల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. చాలామందికి ఒక్కటే ఉంటుంది. ఏ దెబ్బో తగిలి ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు బయటపడుతుంది, లేదంటే ఎప్పటికీ తెలియకుండానే ఉండిపోతుంది. మాలాంటి వాళ్లకు పదుల్లో వస్తాయి. మాది హెరిడిటరీ మల్టిపుల్ ఎక్సోస్టోసెస్ అనే రకం, సుమారు 50,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మా అన్నయ్యకు రాలేదు, నాకు వచ్చింది. దీనికి కారణమైన ఈఎక్స్‌టీ1, ఈఎక్స్‌టీ2 అనే జన్యువులను 1990ల మధ్యలో గుర్తించారు. అంతకుముందు నుంచే నాన్నకు ఆ లెక్క తెలుసు. "నా నుంచే కదా వచ్చింది" అని అమ్మతో అనడం ఒకసారి పక్కగదిలో నుంచి విన్నాను. ఆయన గొంతు అలా ఉండటం అదే మొదటిసారి వినడం.

ఎక్స్‌రేను వెలుగు పెట్టె మీద పెట్టి డాక్టర్ నాకు చూపించిన రోజు బాగా గుర్తుంది. పెద్దవాళ్లతో చెప్పి ఊరుకోకుండా, నన్ను స్టూలు మీద నిలబెట్టి నాకే చెప్పారాయన. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో మృదులాస్థితో చేసిన పలుచని పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆ పొర అంచున కొంత భాగం దారి తప్పి పక్కకు పెరగడం మొదలుపెడితే అది బుడిపె అవుతుంది. లోపల ఉన్నది మామూలు ఎముకే, మూలుగతో సహా అసలు ఎముకతో కలిసిపోయి ఉంటుంది. పైన మాత్రం మృదులాస్థి కప్పి ఉంటుంది. "పుట్టగొడుగును చూశావు కదా, అలా కాడ, పైన గొడుగు" అన్నారు. నా ఎదుగుదల ఆగినప్పుడు అవీ ఆగిపోతాయని, ఆ తర్వాత ఏదైనా పెరిగితే మాత్రం ఒక్క వారం కూడా ఆలస్యం చేయకుండా చూపించాలని చెప్పారు. ఆ చివరి మాట నాన్న చేతి మీద రాసుకున్నాడు, పక్కన కాగితం లేక.

ఇంటికి వచ్చాక కాగితాలు చాలానే పోగయ్యాయి. ఏటా బడికి పెద్ద సెలవులు ఇచ్చాక నాన్న ఒక వెడల్పాటి నోటుపుస్తకం తెరిచి, నా చేతిని పేజీ మీద పెట్టి, పెన్సిల్‌తో చుట్టూ గీసేవాడు. తర్వాత ముంజెయ్యి, తర్వాత రెండు పేజీలు కలిపి కాలు. వేళ్ల సందుల్లో పెన్సిల్ మొన కదులుతుంటే చక్కిలిగింతలు పుట్టేవి. "కదలకు తల్లీ, గీత తప్పుతుంది" అనేవాడు. బుడిపె ఉన్నచోటల్లా ఇంటూ గుర్తు పెట్టి, కొలత టేపుతో కీలు దగ్గర నుంచి దూరం కొలిచి, మిల్లీమీటర్లలో పక్కన రాసేవాడు. అడుగున తేదీ. వరసగా పేజీలు తిప్పితే ఆ గుర్తులు ఏటికేడు కీలుకు దూరంగా జరుగుతూ పోవడం కనిపిస్తుంది. బుడిపె నడిచి వెళ్లదు. ఎముక చివర పొడవు పెరుగుతుంటే అది వెనక మిగిలిపోతుంది, అంతే. వైద్య పుస్తకాల్లో ఈ సంగతి నేను చదివింది ఎన్నో ఏళ్ల తర్వాత. నాన్న దాన్ని పెన్సిల్‌తో ముందే పట్టుకున్నాడు.

ఆ పుస్తకంలో ఒక పేజీలో నా చేతి పక్కన ఆయన చెయ్యి ఉంటుంది. నేనే పట్టుబట్టి పెట్టించి, నేనే గీశాను. గీత వంకరటింకరగా ఉంటుంది గానీ ఆయన ముంజేతి వంపు స్పష్టంగా తెలుస్తుంది.

అన్నింటిలోకీ నన్ను ఏడిపించింది కుడి మోకాలి కింద, లోపలివైపు ఉన్నది. తొడ వెనక నుంచి వచ్చే స్నాయువులు అక్కడి ఎముకకు అతుక్కుంటాయి. మెట్లు ఎక్కేటప్పుడు అవి బుడిపెకు చిక్కుకుని, ఒక్కసారిగా దాని మీదుగా జారేవి. లోపల టక్కుమనేది. కాసేపు కాలు మడవడానికే భయం వేసేది. పక్కకు తిరిగి పడుకుంటే రెండు మోకాళ్ల బుడిపెలూ ఒకదానికొకటి తగిలేవి. బడిలో బెంచీ మూలకు తగిలిందంటే కళ్ల ముందు చుక్కలు కనిపించేవి. ఎవరైనా "ఏమైంది?" అని అడిగితే పైకి కనిపించే గాయం ఏదీ ఉండేది కాదు.

అయినా డాక్టర్ తొందరపడలేదు. అప్పుడే తీస్తే ఎదుగుదల పొరకు దెబ్బ తగిలి కాలు వంకరపోవచ్చని, మృదులాస్థి ఏ కాస్త మిగిలినా మళ్లీ పెరుగుతుందని, బుడిపె కీలుకు ఇంకాస్త దూరం జరగనివ్వమని చెప్పారు. నాకు పద్నాలుగో ఏడు వచ్చాక సరేనన్నారు. ఆ రోజు నేను ధైర్యం చేసి అడిగాను.

"అన్నీ ఒకేసారి తీసేయండి డాక్టర్‌గారూ."

"బాధపెట్టేవాటినే తీస్తామమ్మా" అన్నారాయన. "ఊరికే పడి ఉన్నదాన్ని కదిలిస్తే పక్కనున్న నరానికో రక్తనాళానికో మనమే హాని చేసినవాళ్లమవుతాం. కుట్ల మచ్చ కూడా ఊరికే రాదు కదా."

నాకు పట్టరాని కోపం వచ్చింది. నా ఒంట్లో ఉన్నవాటిలో ఏది ఉండాలో, ఏది పోవాలో ఇంకెవరో నిర్ణయిస్తున్నారనిపించింది. దారి పొడవునా మాట్లాడలేదు. ఇంటి దగ్గర చెప్పులు విప్పుతూ నాన్న అన్నాడు: "నాకూ ఇన్ని ఉన్నాయి. వాటిలో నిజంగా నన్ను ఏడిపించినవి మూడే. ఆ మూడూ తీయించుకుని ఉంటే చాలనిపిస్తుంది ఇప్పుడు." అప్పటిదాకా తన నొప్పి గురించి ఆయన ఒక్క మాటైనా అనలేదు. ఆ తర్వాత నేనూ అన్నీ తీసేయమని అడగలేదు.

ఆపరేషన్ రోజు ఉదయం డాక్టర్ వచ్చి నా మోకాలి కింద నల్ల పెన్నుతో బాణం గుర్తు గీశారు. "ఇదే కదా?" అని నా చేతే వేలు పెట్టించి నిర్ధారించుకున్నారు. ఆ పని నాకు చాలా నచ్చింది. తర్వాత మత్తు. మెలకువ వచ్చేసరికి కోసిన చోటు కంటే తొడ ఎక్కువ నొప్పిగా ఉంది. రక్తం కారకుండా తొడ చుట్టూ బిగించిన పట్టీ వల్ల అలా ఉంటుందని నర్సమ్మ చెప్పింది. గొంతు ఎండిపోయి ఉంది. నాన్న మంచం పక్కన ఆ ఒరిగిన భంగిమలోనే నిలబడి ఉన్నాడు.

ల్యాబ్‌కు పంపేముందు డాక్టర్ దాన్ని మాకు చూపించారు. మూత బిగించిన సీసాలో, నీళ్లలా కనిపించే ఫార్మలిన్‌లో ఉంది. మూడు సెంటీమీటర్లకు మించి లేదు. కింద ఉలితో నరికిన చోట బెజ్జాలు బెజ్జాలుగా ఎర్రటి ఎముక. పైన మాత్రం నీలి ఛాయ ఉన్న తెల్లటి నున్నటి మృదులాస్థి, చిన్న చిన్న ఎత్తుపల్లాలతో, వెలుతురు పడితే మెరుస్తూ. ఇంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. దాని మీద చుట్టుకుని ఉండే పలుచని పొరతో సహా ఒక్క ముక్కగా తీశామని, అలా తీస్తేనే మళ్లీ రాదని డాక్టర్ వివరించారు. నాన్న ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లుగా తన లోపల ఉన్నదాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి.

అసలు ఎముక చెక్కుచెదరలేదు కాబట్టి సిమెంటు కట్టు లేదు, ప్లేట్లు లేవు. చంక కర్రలతో కొన్నాళ్లు నడిచాను. ఉలి పడిన చోట ఎముక గట్టిపడేదాకా పరుగులు, గెంతులు వద్దన్నారు. కుట్లు విప్పాక మొదటిసారి మెట్లు ఎక్కినప్పుడు టక్కుమనే ఆ చప్పుడు రాలేదు. రాదని తెలిసినా ప్రతి మెట్టు దగ్గరా దాని కోసమే చూశాను. మచ్చ పక్కన కొంత మేర చర్మానికి ఇప్పటికీ స్పర్శ లేదు. అక్కడి చర్మానికి వెళ్లే సన్నని నరం కత్తి దారిలోనే ఉంటుందట. ఆ మాత్రం ఇచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

వార్డులో గడిపిన రోజుల్లోనే ఎముక గడ్డలంటే ఒకటి కాదని తెలిసింది. నా ఎదుటి మంచం మీద ఒక బాబు ఉండేవాడు. పగలంతా బాగానే ఆడుకునేవాడు, రాత్రయ్యేసరికి పిక్క ముందు ఎముక పట్టుకుని ఏడ్చేవాడు. ఆస్పిరిన్ జాతి మాత్ర వేస్తే కాసేపట్లో నిద్రపోయేవాడు. రాత్రి నొప్పి, ఆ మాత్రకు తగ్గడం, ఈ రెండే ఆస్టియాయిడ్ ఆస్టియోమాకు గుర్తులట. గడ్డ ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు, నొప్పి మాత్రం ఇల్లంతా లేపుతుంది. వాడి కాలు కోసి ఆ ముక్క తీశారు. ఆపరేషన్ అయిన రాత్రే వాడు నిద్రపోయాడు. కోసిన నొప్పి ఉన్నా సరే నిద్రపోయాడు, వాళ్లమ్మ మాత్రం నమ్మలేక కూర్చునే తెల్లవార్లూ గడిపింది. ఇప్పుడైతే చాలాచోట్ల కోయడమే లేదు. సీటీ స్కాన్‌లో చూసుకుంటూ సూది లోపలికి పంపి, మొన దగ్గర సుమారు 90 డిగ్రీల వేడితో ఆ గడ్డను కొద్ది నిమిషాల్లో మాడ్చేస్తున్నారు. ఆ సంగతి చదివినప్పుడు ముందు ఆ తల్లే గుర్తొచ్చింది.

కిటికీ పక్క మంచం మీద పాతికేళ్ల అక్క ఒకామె, మోకాలి దగ్గర జెయింట్ సెల్ ట్యూమర్. లోపలంతా గీకి శుభ్రం చేసి, ఆ ఖాళీని ఎముక సిమెంటుతో నింపారు. గట్టిపడేటప్పుడు ఆ సిమెంటు వేడెక్కుతుందని, అక్కడక్కడా మిగిలిన కణాలను ఆ వేడి చంపుతుందని ఆమె నాకు పాఠం చెప్పినట్టు చెప్పేది. అది తిరిగి వచ్చే స్వభావం ఉన్న గడ్డ, అరుదుగా ఊపిరితిత్తులకూ పాకుతుంది. అందుకని ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించుకుంటూ ఉండాలి. మా ఇద్దరివీ క్యాన్సర్ కాదు. అయినా ఆమెకు ఉన్నంత భయం నాకు ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది.

మరో అమ్మాయి నాకంటే కాస్త పెద్దది. ఆమెది ఆస్టియోసార్కోమా, నిజమైన ఎముక క్యాన్సర్. కీమోథెరపీ అయ్యాక తొడ ఎముక చివరి భాగం తీసేసి లోహపు మోకాలు అమర్చారు. తల మీద వెంట్రుకలు లేవు. మంచం తల దగ్గర గోడకు టెర్రీ ఫాక్స్ ఫొటో అంటించుకుంది. ఇదే జబ్బుతో 1977లో, పద్దెనిమిదేళ్ల వయసులో కాలు పోగొట్టుకున్న కెనడా కుర్రవాడు. 1980లో కృత్రిమ కాలుతో 143 రోజుల పాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోవాల్సి వచ్చింది, మరుసటి ఏడాది చనిపోయాడు. "అతని కాలంలో చాలామందికి కాలు తీయాల్సి వచ్చేది. నాకు కాలు మిగిలింది, చూడు" అని దుప్పటి తీసి చూపించింది. నిజానికి 1970లకు ముందు కాలు తీసేసినా ఎక్కువమంది బతికేవారు కాదు. కీమోథెరపీ వచ్చాక, జబ్బు మరోచోటికి పాకకముందే దొరికితే, సుమారు ముగ్గురిలో ఇద్దరు బతుకుతున్నారు. ఆమె ఆ ఇద్దరిలో ఉంది. మేము ఇప్పటికీ ఫోనులో మాట్లాడుకుంటాం. ఆ లోహపు మోకాలు అరిగిపోతే మార్పించుకుంది కూడా.

నా రెండో ఆపరేషన్ మోకాలికి బయటివైపు. అక్కడ పాదాన్ని పైకి లేపే నరం చర్మానికి చాలా దగ్గరగా, సన్నటి ఎముక మెడ చుట్టూ తిరిగి వెళుతుంది. బుడిపె ఆ నరాన్ని ఒత్తుతుండటంతో నడుస్తున్నప్పుడు కాలి బొటనవేలు నేలకు తట్టుకునేది. మత్తు పూర్తిగా దిగకముందే డాక్టర్ "పాదం పైకి లేపమ్మా" అన్నారు. లేపాననే అనుకున్నాను. లేవలేదు. నరం తెగలేదని, ఇంతకాలం నలిగి ఉన్నదానికి కోలుకునే సమయం కావాలని చెప్పారు. పాదం వాలిపోకుండా పట్టీ కట్టుకుని కొన్ని నెలలు తిరిగాను. ప్రతి సాయంత్రం నాన్న నా పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుని మెల్లగా పైకీ కిందికీ కదిపేవాడు. చెయ్యి పూర్తిగా తిరగదు కాబట్టి మోచెయ్యి ఎత్తి, ఒక వింత కోణంలో పట్టుకునేవాడు. ఒక సాయంత్రం బొటనవేలు కదిలింది. ముందు చూసింది ఆయనే.

పెద్దయ్యాక ఒక్కసారే గట్టిగా భయపడ్డాను. పెళ్లయి, పాప పుట్టిన కొన్నేళ్లకు రెక్క ఎముక దగ్గరి బుడిపె ఉబ్బడం మొదలైంది. చిన్నప్పుడు డాక్టర్ చెప్పిన, నాన్న చేతి మీద రాసుకున్న మాట అదే కదా. మాలాంటి వాళ్లలో కొద్దిమందికి ఈ బుడిపె పైనున్న మృదులాస్థి కాండ్రోసార్కోమా అనే క్యాన్సర్‌గా మారుతుంది. పెద్దవాళ్లలో ఆ మృదులాస్థి మందం రెండు సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. ఎమ్మారై తీశారు. మందం మిల్లీమీటర్లలోనే ఉంది. ఉబ్బింది బుడిపె కాదు, రెక్క ఎముక పక్కటెముకలకు రాసుకుని రాసుకుని మధ్యలో ఏర్పడిన నీటితిత్తి. అయినా నొప్పి ఉంది కాబట్టి తీసేశారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా నాన్న రోజూ పొద్దున్నే ఫోను చేసి, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసేవాడు.

అదే 2016. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన, సుమారు 17 లక్షల ఏళ్ల నాటి మానవ పూర్వీకుడి పాదపు ఎముకలో క్యాన్సర్ గడ్డను గుర్తించారని ఆ ఏడాది పత్రికల్లో వచ్చింది. నాన్న ఆ వార్త కత్తిరించి నా ఎక్స్‌రేల కవరులో పెట్టాడు. నన్ను కూర్చోబెట్టి చదివి వినిపించాడు. "ఎక్స్‌రే లేదు, డాక్టర్ లేడు, ఆ నొప్పికి ఒక పేరు కూడా లేదు. ఎలా నడిచాడో పాపం" అన్నాడు. చాలాసేపు అదే ఆలోచనలో ఉన్నాడు.

నాన్న ఇప్పుడు లేడు. ఆయన బుడిపెలు ఒక్కటీ తీయించుకోకుండానే వెళ్లిపోయాడు. చివరి రోజుల్లో ఆయన ముంజేతి వంపులో నా చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ వంపు నా మణికట్టుకు సరిగ్గా సరిపోయేది.

మా పాపకూ వచ్చాయి. మొదటిది నా వేళ్లకే దొరికింది, పక్కటెముక మీదే. ఇప్పుడు మణికట్టు దగ్గర ఒకటి చెయ్యి తిరగడానికి అడ్డుపడుతోంది. మొన్న డాక్టరమ్మ దగ్గరికి నాన్న నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లాను. ఆమె అన్ని పేజీలూ ఓపికగా తిప్పి, పాప వయసులో నా ముంజెయ్యి ఉన్న పేజీని, నాన్న చెయ్యి ఉన్న పేజీని పాప ఎక్స్‌రే పక్కన పెట్టి చూశారు. ముంజెయ్యి వంపు ఇంకా తక్కువే ఉందని, ఇది తీయదగినదేనని, మిగతావి చూస్తూ ఉంటే సరిపోతుందని అన్నారు. పాప వెంటనే తన మోకాలి మీద ఉన్నదాన్ని చూపించి, "ఇది నన్నేమీ అనడం లేదు, ఉండనివ్వండి" అంది. పరీక్షలు అయ్యాక తేదీ ఇచ్చారు. తీసినదాన్ని ల్యాబ్‌కు పంపేముందు ఒకసారి చూపించమని ముందే అడిగి పెట్టుకున్నాం.